బొమ్మకు తాళం, బిడ్డకు సూది

జిల్లా దవాఖాన, పిల్లల వార్డు. ఏడు నెలల బిడ్డ. రెండు రోజులుగా విరేచనాలు. కండ్లు గుంటలు పడ్డయి, నాలుక ఎండిపోయింది. తల్లి ఒడిలో పట్టుకొని కూర్చున్నది. ఎదురుగా ఇరవై ఏండ్ల నర్సింగ్ విద్యార్థిని, చేతిలో పసుపు రంగు కేన్యులా. పెద్దవాళ్లకు నాలుగైదు సార్లు పెట్టిన అనుభవం ఉన్నది గానీ పసిబిడ్డ చేతి మీద నరం వెతకడం ఆమెకు ఇదే మొదలు. గుచ్చింది, దొరకలేదు. ఇంకో చెయ్యి చూసింది, అక్కడా దొరకలేదు. మూడోసారి కాలు. బిడ్డకు గట్టిగా ఏడ్చే శక్తి కూడా లేదు, మూలుగుతున్నది. "నా బిడ్డను ఎందుకమ్మా గట్ల పొడుస్తున్నవ్? నీకు రాకపోతే వచ్చేటోళ్లను పిలువు" అని తల్లి ఏడ్చింది. సీనియర్ సిస్టర్ వచ్చింది. విద్యార్థిని చేతిలోంచి కేన్యులా గుంజుకొని, వార్డు మొత్తం వినేటట్టు నాలుగు మాటలని, తాను పెట్టి పోయింది. ఆ పిల్ల బయట మెట్ల మీద కూర్చొని చాలాసేపు ఏడ్చింది.

ఇది ఫలానా దవాఖానలో జరిగిందని పేరు పెట్టి చెప్పాల్సిన పని లేదు. నర్సింగ్ చదివిన ఏ ఆడబిడ్డనైనా అడగండి, తనదో తన దోస్తుదో ఇట్లాంటి కథ ఒకటి చెప్తది. తప్పు ఎవరిది? తల్లిదా? ఆమె అడిగింది న్యాయమే. విద్యార్థినిదా? ఆమెకు నేర్పిందెవరు? సిస్టర్‌దా? ఒక్కతే ముప్పై మంది పిల్లలను చూసుకునే మనిషి ఓపిక ఎక్కడ తెచ్చుకోవాలె?

ఆ విద్యార్థిని చదివే కాలేజీలో పసిపిల్ల బొమ్మ ఉన్నది. ఆశ్చర్యం ఇక్కడే! చేతి మీద నరాలు, తల మీద నరాలు ఉన్న బొమ్మ. గుచ్చితే ఎర్రనీళ్లు వచ్చే బొమ్మ. అది అద్దాల అల్మారాలో ఉన్నది. చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. తాళంచెవి ప్రిన్సిపాల్ టేబుల్ సొరుగులో ఉన్నది. ఇన్‌స్పెక్షన్ వచ్చిననాడు బొమ్మ బల్ల మీదికి వస్తది. టీం భోజనం చేసి పోయినంక మళ్లీ అల్మారాలకు పోతది. ఎందుకమ్మా అంటే, "ఖరాబైతే ఎవరు కట్టాలె?" అని జవాబు. ప్లాస్టిక్ బొమ్మ ఖరాబైతదని భయం. పసిబిడ్డ చెయ్యి మూడుచోట్ల చిల్లు పడితే మాత్రం అడిగేటోడు లేడు.

ఈ వారం మనం మాట్లాడుకోవాల్సింది ఈ తాళంచెవి గురించే.

దీనికి పెద్ద పేరే ఉన్నది, సిమ్యులేషన్ అంటున్నరు. నిజమైన పరిస్థితి ఎట్లా ఉంటదో అట్లానే కల్పించి, నిజమైన మనిషికి హాని లేకుండా సాధన చేయించడం. విమానం నడిపేటోళ్లకు ఇది కొత్త కాదు. ఎడ్విన్ లింక్ అనే అమెరికావాడు 1929 నాటికే నేల మీద నిలబడి ఊగే శిక్షణ యంత్రం తయారు చేసిండు. ఇయ్యాల ఏ పైలట్‌ను కూడా, "పోయి ప్రయాణికులతోనే నేర్చుకో" అని విమానం ఎక్కించరు. విమానంలో ఎక్కేటోడు డబ్బున్నోడు. సర్కారు దవాఖాన పిల్లల వార్డులో చేరేది కూలోళ్ల బిడ్డ. తేడా అక్కడ ఉన్నదా అని మాకు అనుమానం.

నర్సులకు కూడా ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్ దవాఖాన నర్సింగ్ స్కూలుకు 1911లో నిలువెత్తు బొమ్మ ఒకటి వచ్చింది. తయారు చేసింది మార్తా చేజ్ అనే ఆమె, పిల్లల ఆటబొమ్మలు కుట్టే మనిషి. ఆ బొమ్మను అందరూ 'మిసెస్ చేజ్' అని పిలిచిండ్రు. మంచం మీద రోగిని ఎట్లా పొర్లించాలె, ఎట్లా స్నానం చేయించాలె అన్నది విద్యార్థినులు ఆ బొమ్మ మీద నేర్చుకున్నరు. 1960లో గుండె నొక్కి, నోట్లో ఊపిరి ఊదే సాధన కోసం 'రెససీ ఆన్' బొమ్మ వచ్చింది. చేసింది నార్వే దేశంలోని ఆస్మండ్ లేర్డాల్. ఆయన కూడా ఆటబొమ్మల వ్యాపారే. 2010లో అదే కంపెనీ పుట్టిన బిడ్డ బొమ్మను తెచ్చింది. గాలితో, నీళ్లతో నింపుకునే తేలికపాటి బొమ్మ. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోస్తే చేతిలో అచ్చం పసిగుడ్డు బరువే తెలుస్తది. ఒక బల్బు నొక్కితే బొడ్డుతాడు కొట్టుకుంటది, ఇంకోటి నొక్కితే ఊపిరి తీస్తది. కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. పేద దేశాల ప్రసూతి గదుల కోసమే చేసిన బొమ్మ అది.

వంద ఏండ్లు దాటిన చదువు ఇది. మన దగ్గరికి వచ్చేసరికి అల్మారాలో అలంకారం అయ్యింది.

పెద్దవాళ్ల వైద్యం నేర్చిన నర్సు పిల్లలను చూసుకోలేదా, అంత ప్రత్యేకం ఏమున్నది అని కొందరు అడుగుతరు. పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లనుకోవడం నుంచే ప్రమాదం మొదలైతది. పెద్దమనిషికి ఒక గోలీ అంటే ఒక గోలీ. పిల్లలకు ప్రతిదీ బరువు లెక్క. ప్రతి మందుకూ నర్సు మనసులో ఒక గుణకారం, ఒక భాగహారం చేయాలె. అది కూడా రాత్రి మూడు గంటలకు, ఒక పక్క ఇంకో బిడ్డ ఏడుస్తుంటే.

జ్వరానికి వాడే పారాసిటమాల్‌నే చూద్దాం. ప్రతి ఇంట్ల ఉండే మందు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 8 కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు కావాలె. అదే మందు డ్రాప్స్ సీసాలో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటది, మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉంటది. అంటే డ్రాప్స్ అయితే 1.2 మిల్లీలీటర్లు, సిరప్ అయితే 4.8 మిల్లీలీటర్లు. సిరప్ లెక్క మనసులో పెట్టుకొని డ్రాప్స్ సీసా ఎత్తితే? బిడ్డ కడుపులోకి నాలుగింతల మందు పోతది. సీసాలు రెండూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి, ఒకే ట్రేలో పక్కపక్కనే ఉంటయి.

సెలైన్ సంగతి ఇంకా ఘోరం. నోటితో ఏమీ తీసుకోలేని 8 కిలోల బిడ్డకు రోజుకు మామూలుగా కావాల్సిన నీళ్లు కిలోకు 100 మిల్లీలీటర్ల లెక్కన 800. గంటకు 33. పిల్లలకు వాడే మైక్రో డ్రిప్ సెట్‌లో 60 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. కాబట్టి నిమిషానికి 33 చుక్కలు పెడితే సరిపోతది. వార్డులో ఆ సెట్ అయిపోయింది. పెద్దవాళ్ల సెట్ తగిలించిండ్రు. దాంట్లో 20 చుక్కలకే ఒక మిల్లీలీటరు. అలవాటు ప్రకారం విద్యార్థిని అదే 33 చుక్కలు లెక్కపెట్టి, చార్టులో రాసి, ఇంకో మంచం దగ్గరికి పోయింది. ఇప్పుడు గంటకు 33 బదులు 100 మిల్లీలీటర్లు పోతున్నయి. ఒక రోజంతా పోవాల్సిన నీళ్లు ఎనిమిది గంటల్లో ఆ చిన్న శరీరంలోకి దిగినయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, మెదడు వాయొచ్చు. చార్టులో మాత్రం అంతా సరిగ్గానే ఉంటది!

ఈ రెండు పాఠాలు నేర్పడానికి లక్షల రూపాయల యంత్రం కావాల్నా? ఒక ఖాళీ సెలైన్ సీసా, రెండు రకాల సెట్లు, ఒక బకెట్ నీళ్లు, గోడ గడియారం. ఒక మధ్యాహ్నం. విద్యార్థిని తన కండ్లతో చూస్తది, అదే 33 చుక్కలకు ఒక సీసా ఎంత తొందరగా ఖాళీ అవుతదో, ఇంకోటి ఎంత నిదానంగా పోతదో. బోర్డు మీద రాసిన లెక్క మర్చిపోతరు. కండ్ల ముందు ఖాళీ అయిన సీసాను మర్చిపోరు.

ఇక పుట్టిన బిడ్డ. కొందరు పిల్లలు పుట్టంగానే ఏడువరు, ఊపిరి తీసుకోరు. తుడవాలె, వీపు రాయాలె, నోరు ముక్కు చూడాలె, అప్పటికీ ఊపిరి లేకపోతే మొఖానికి మాస్కు సరిగ్గా ఆనించి బ్యాగు నొక్కాలె. ఇదంతా పుట్టిన మొదటి నిమిషంలోనే మొదలు కావాలె. దాన్ని 'బంగారు నిమిషం' అంటున్నరు. నిమిషానికి నలభై సార్లు నొక్కుతుంటే ఛాతీ లేవాలె. లేవకపోతే మాస్కు పక్కనుంచి గాలి పోతున్నట్టు, లేదా తల వంపు సరిగ్గా లేనట్టు. ఈ సంగతి పుస్తకంలో అర పేజీ. చేతికి రావడానికి మాత్రం నూరుసార్లు చేయాలె. ఆ నూరు సార్లూ ఏ బిడ్డ మీద చేయిస్తరు?

2020 ఎస్‌ఆర్‌ఎస్ సర్వే ప్రకారం దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 28 మంది ఏడాది నిండకముందే పోయిండ్రు. అందులో 20 మంది మొదటి నెలలోనే. మన తెలంగాణలో ఏడాదిలోపు మరణాలు 21. దేశం కన్నా మనం మెరుగే, ఆ మాట ఒప్పుకుందాం. దాని వెనుక ఆశా కార్యకర్తల, ఏఎన్ఎంల, నర్సుల రెక్కల కష్టం ఉన్నది. మిగిలిన మరణాలు తగ్గాలంటే దవాఖాన కట్టడం, మంచాలు వేయడంతోనే పని కాదు. మొదటి నిమిషంలో మొదటి మనిషి చెయ్యి ఎట్లా కదిలింది అన్నది తేల్చే మరణాలు వాటిలో ఉన్నయి. ఆ మొదటి మనిషి చాలాసార్లు డాక్టర్ కాదు, నర్సే.

బొమ్మలతో నేర్పితే నిజంగా ప్రాణాలు నిలబడతయా? ఈ ప్రశ్న అడగాల్సిందే. మన పొరుగున కర్ణాటక బెళగావి ప్రాంతంలో, అప్పటి బెల్గాంలో, దాదాపు 600 మంది ప్రసవాలు చేసేవాళ్లకు ఆ నీళ్ల బొమ్మతో శిక్షణ ఇచ్చి లెక్కలు తీసిండ్రు. 2013లో బయటపెట్టిండ్రు. చనిపోయి పుట్టినట్టు రాసుకున్న బిడ్డలు నూటికి 3 నుంచి 2.3కు తగ్గిండ్రు. ఊపిరి తీయని బిడ్డను చచ్చిపుట్టిందని పక్కన పెట్టడం తగ్గిందన్నమాట. అయితే నెలలోపు మరణాల్లో మాత్రం తేడా రాలేదు. ఇది కూడా చెప్పాలె. బొమ్మ చూపించి అన్ని సమస్యలూ తీరినయని చెప్పే వాళ్లను నమ్మకండి.

అసలు పాఠం ఆఫ్రికాలోని టాంజానియా నుంచి నేర్చుకోవాలె. ఆ దేశంలోని హేడమ్ అనే పల్లె దవాఖానలో ముందు ఒక్కరోజు శిక్షణ ఇచ్చిండ్రు. బొమ్మ మీద అందరూ బాగా చేసిండ్రు. సర్టిఫికెట్లు పంచిండ్రు. తర్వాత ప్రసూతి గదిలోకి పోయి నిజమైన బిడ్డల దగ్గర ఏం చేస్తున్నరని చూస్తే, ఏమీ మారలేదు! పాత పద్ధతే. అప్పుడు వాళ్లు పద్ధతి మార్చిండ్రు. బొమ్మను ప్రసూతి గదిలోనే పెట్టిండ్రు. వారానికోసారి డ్యూటీలోనే మూడు నుంచి ఐదు నిమిషాలు సాధన, నెలకోసారి కొంచెం పెద్ద క్లాసు. అంతే. మొదటి 24 గంటల్లో పోయే బిడ్డలు వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గిండ్రు. 2015లో అచ్చయిన లెక్క ఇది. బొమ్మ అదే, మనుషులు వాళ్లే. మారింది బొమ్మ ఉన్న జాగా.

ఇప్పుడు మన దగ్గర జరిగే శిక్షణలను యాది చేసుకోండి. హోటల్ హాల్, బ్యానర్, టిఫిన్, పవర్‌పాయింట్, మధ్యాహ్నం తర్వాత గ్రూప్ ఫోటో. కేంద్రం 2009లో నవజాత శిశు సురక్ష కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు రెండు రోజుల శిక్షణ అన్నది. మంచిదే. ఆ రెండు రోజుల తర్వాత మూడో రోజు నుంచి ఏమైంది? నర్సు మళ్లీ బొమ్మను ముట్టిందా? చేతి విద్య ఈత లాంటిది కాదు, ఒకసారి వస్తే పోకుండా ఉండటానికి. తబలా లాంటిది, చెయ్యి ఆగితే పోతది.

ఇందులో ఇంకొక ముఖ్యమైన ముక్క ఉన్నది. దాన్ని మన కాలేజీలు అసలే పట్టించుకోవు. బొమ్మ మీద సాధన అయిపోయినంక టీచరు, విద్యార్థులు గుండ్రంగా కూర్చొని మాట్లాడుకోవాలె. ఏం జరిగింది, ఆ క్షణంలో నువ్వు ఏమనుకున్నవు, ఎందుకు ఆగిపోయినవు, మళ్లీ చేస్తే ఎట్లా చేస్తవు. తిట్టకుండా, మార్కులు కోయకుండా. దీనికి డీబ్రీఫింగ్ అని పేరు. నేర్చుకోవడం ఎక్కువగా జరిగేది బొమ్మ దగ్గర కంటే ఇక్కడే అంటరు ఆ పని తెలిసినవాళ్లు. మన నర్సింగ్ చదువులో తప్పు చేస్తే తిట్లు, నవ్వుతే తిట్లు, ప్రశ్న అడిగితే ఇంకా ఎక్కువ తిట్లు. తిట్లు తిని పెరిగిన నర్సు ఏం నేర్చుకుంటది? తప్పును దాచడం నేర్చుకుంటది. చార్టు సరిచేసి రాయడం నేర్చుకుంటది. పెద్ద డాక్టరు రాసిన డోసులో ఒక సున్నా ఎక్కువ పడ్డదని కనిపించినా నోరు మూసుకోవడం నేర్చుకుంటది. పిల్లల వార్డులో ఒక చుక్క జరిగితే డోసు పదింతలు అవుతది. "సార్, ఈ డోసు ఒకసారి చూస్తరా" అని నిలబడి అడిగే ధైర్యం కూడా సాధన చేస్తేనే వస్తది. సాటి విద్యార్థి డాక్టరు వేషం కట్టి విసుక్కుంటుంటే, ఈ విద్యార్థిని తగ్గకుండా రెండోసారి అడగాలె. ఇదీ సిమ్యులేషనే. దీనికి బొమ్మ కూడా అక్కర్లేదు.

తల్లి మాట వినడం కూడా అట్లనే నేర్చుకోవాలె. అమెరికాలో జోసీ కింగ్ అనే పద్దెనిమిది నెలల పాప ఉండేది. 2001లో వేడినీళ్లతో ఒళ్లు కాలి జాన్స్ హాప్కిన్స్ దవాఖానలో చేరింది. ప్రపంచంలో పేరున్న దవాఖాన. పాప కోలుకున్నది, ఇంటికి పంపే రోజులు దగ్గరపడ్డయి. అప్పుడు దాహంతో అల్లాడింది. తల్లి సోరెల్ చూసింది, ఏదో బాగలేదని పదే పదే చెప్పింది. నొప్పి మందులు ఇక వద్దన్న మాట అయినంక కూడా మెథడోన్ ఇచ్చిండ్రు. పాప చనిపోయింది. కారణాలు ఒంట్లో నీళ్లు తగ్గడం, ఇవ్వకూడని మందు. యంత్రాలు లేకనా? డాక్టర్లు లేకనా? తల్లి చెప్పింది వినే చెవి లేక. ఆ తల్లి నష్టపరిహారం డబ్బును రోగుల భద్రత కోసమే ఖర్చుపెట్టింది. ఇయ్యాల ఎన్నో దేశాల నర్సింగ్ క్లాసుల్లో ఆమె కథ పాఠమైంది. మన పిల్లల వార్డులో కొంగు నడుముకు చుట్టుకొని, "సిస్టరమ్మా, బిడ్డ ఎప్పటిలెక్క లేదు" అని వచ్చే తల్లికి మనం ఇచ్చే జవాబు ఏమిటి? "పో, పోయి కూసో." సాధనలో ఒక విద్యార్థిని తల్లి వేషం కట్టాలె, ఇంకో విద్యార్థిని ఆమె మాట విని, లేచి, పోయి, బిడ్డ ఊపిరిని నిమిషం నిండా లెక్కపెట్టాలె. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు నిమిషానికి యాభై, అంతకు మించి వస్తే అది ప్రమాదపు గుర్తు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే పసిబిడ్డ ఊపిరి లెక్క తప్పుతది.

సిలబస్‌లో లేదా ఇదంతా? ఉన్నది! భారత నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌కు సెమిస్టర్ పద్ధతిలో కొత్త సిలబస్ తెచ్చింది, 2021 జూలైలో గెజిట్‌లో వచ్చింది. ఐదు, ఆరు సెమిస్టర్లలో పిల్లల ఆరోగ్య నర్సింగ్ ఉన్నది. స్కిల్ ల్యాబ్, సిమ్యులేషన్ ల్యాబ్ అన్న మాటలు పదే పదే ఉన్నయి. పసిబిడ్డ సంరక్షణ, పిల్లల ప్రాణరక్షణ మాడ్యూళ్లు ఉన్నయి. కాగితం మీద లోటేం లేదు. ఒకప్పుడు మన పరీక్షలు విజయవాడ హెల్త్ యూనివర్సిటీ చేతిలో ఉండేవి. 2014లో రాష్ట్రం వచ్చినంక వరంగల్‌లో కాళోజీ పేరు మీద మన హెల్త్ యూనివర్సిటీ వచ్చింది. ఇక దూరం అన్న సాకు లేదు. వరంగల్ నుంచి ఒక ఆదేశం చాలు, ప్రాక్టికల్ పరీక్షలో ప్రతి విద్యార్థీ బొమ్మ మీద ఊపిరి పోసి చూపించాలని. పరీక్షలో ఉంటే కాలేజీ అల్మారా దానంతట అదే తెరుచుకుంటది. మన యాజమాన్యాల సంగతి మనకు తెల్వదా?

ఉద్యోగాల దగ్గరా ఇదే కథ. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చిండ్రు. ఏండ్ల తరబడి కాంట్రాక్టు బతుకులు చూసిన రాష్ట్రంలో అది సంతోషించాల్సిన రోజు. ఆ అక్కచెల్లెండ్లు కంప్యూటర్ ముందు కూర్చొని రాత పరీక్ష రాసి గెలిచినవాళ్లు. వాళ్ల తెలివిని ఎవరూ శంకించడం లేదు. కానీ చేరిన మొదటి వారంలో వాళ్లను ఏ వార్డులో వేసినా, పసిబిడ్డల ఎస్‌ఎన్‌సీయూలో వేసినా, బొమ్మ మీద చెయ్యి సరిచూసుకునే అవకాశం ఇచ్చినమా? అది ఉద్యోగి మీద అనుమానం కాదు, ఉద్యోగికి రక్షణ. బిడ్డకు ఏదన్నా అయితే మొదట సస్పెండయ్యేది ఎవరో ఉద్యోగ సంఘాలకు తెలుసు. శిక్షణ ఇవ్వని అధికారి ఎన్నడూ సస్పెండ్ కాలేదు.

బ్రిటన్ పోయే మన నర్సులను అడగండి. అక్కడ రిజిస్టర్ కావాలంటే రాత పరీక్ష తర్వాత చేతి పని చూసే ఓస్కీ పరీక్ష ఉంటది. రోగి స్థానంలో నటులుంటరు, బొమ్మలుంటయి. దానికోసం ఎందరో ఇక్కడ కోచింగ్ సెంటర్లకు డబ్బు కట్టి, నాలుగేండ్లు చదివిన కాలేజీలో ముట్టని బొమ్మను అక్కడ మొదటిసారి ముట్టుకుంటున్నరు. అదే బొమ్మ. అదే అంబు బ్యాగు. పరాయి దేశపు బిడ్డ కోసం నేర్చుకుంటే తప్పు లేదు. మన బిడ్డ కోసం నేర్పకపోవడమే తప్పు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సిమ్యులేషన్ అన్న మాట వినంగానే కొందరు యజమానుల కండ్లు మెరుస్తయి. మంచాలు లేని దవాఖాన, రోగులు లేని వార్డు చూపించి కాలేజీలు నడిపేటోళ్లకు ఇది వరంలెక్క కనిపిస్తది. రోగుల బదులు రెండు బొమ్మలు పెడితే చాలదా అంటరు. చాలదు. అమెరికాలో పది నర్సింగ్ స్కూళ్లలో చేసి 2014లో బయటపెట్టిన పెద్ద అధ్యయనం, క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో నింపినా చదువు తగ్గలేదన్నది నిజమే. ఆ మాటను సగమే చెప్పడం మోసం. అక్కడ దానికోసం తర్ఫీదు పొందిన టీచర్లున్నరు, చాలినంత సామాను ఉన్నది, ప్రతి సాధన తర్వాత కూర్చొని మాట్లాడుకున్నరు. అన్ని వసతులున్న బ్రిటన్ కూడా 2,300 ప్రాక్టీసు గంటల్లో 600 గంటలకే హద్దు గీసింది. బొమ్మకు జ్వరం రాదు. బొమ్మ చెయ్యి గుంజుకోదు, వాంతి చేసుకోదు, అమ్మమ్మ కోసం ఏడ్వదు. బొమ్మ మీద నేర్చుకొని బిడ్డ దగ్గరికి పోవాలె. బిడ్డ దగ్గరికి పోకుండా పట్టా ఇస్తే అది ఇంకో రకం దగా.

డబ్బులేవి అంటరు. మాట్లాడే, నీలంగా మారే, మానిటర్ మీద గుండె గీతలు చూపించే బొమ్మలు లక్షల్లో ఉంటయి, ఒప్పుకుంటం. అవి యూనివర్సిటీ దగ్గర, నిలోఫర్ లాంటి పెద్ద పిల్లల దవాఖాన దగ్గర ఉంటే చాలు. ఆ నిలోఫర్ కథ కూడా యాదికి తెచ్చుకోవాల్సిందే. 1949లో తన పనిమనిషి కాన్పులో చనిపోతే తట్టుకోలేక యువరాణి నిలోఫర్ పట్టుబట్టి తల్లీబిడ్డలకు దవాఖాన కట్టించింది. మిగతా కాలేజీలకు నీళ్ల బొమ్మలు, బ్యాగులు, మాస్కులు, డ్రిప్ సెట్లు చాలు. ఆ మాటకొస్తే లేర్డాల్, చేజ్ ఇద్దరూ ఆటబొమ్మలోళ్లే కదా. నిర్మల్ బొమ్మల గడ్డ మనది. చేతి మీద నరం గొట్టం మార్చుకునే వీలున్న పసిపిల్ల బొమ్మను మన కళాకారులతో, మన ఇంజినీరింగ్ విద్యార్థులతో ఎందుకు చేయించలేం? ఏ సర్కారు ఆఫీసరైనా ఒక్కసారన్నా అడిగిండా?

బొమ్మ కంటే టీచర్‌దే అసలు కొరత. నలభై, యాభై మందికి ఒక ట్యూటర్, ఆమెకు సంవత్సరాలుగా చాలీచాలని జీతం, ఆమె తాను ఎన్నడూ ఇట్లా నేర్చుకోలేదు. ఆమెను తిట్టి లాభం లేదు. వార్డులో పనిచేసే సీనియర్ సిస్టర్లలో చెయ్యి తిరిగినవాళ్లు ఎందరో ఉన్నరు. వాళ్లకు డ్యూటీలోంచి వారానికి ఒక పూట విడుదల ఇచ్చి, భత్యం ఇచ్చి, కాలేజీ ల్యాబ్‌కు పంపండి. సర్వీసు పుస్తకంలో దాన్ని నమోదు చేయండి. ఆనాడు వార్డులో కేన్యులా గుంజుకున్న ఆ సిస్టర్ చేతిలో ఎంత విద్య ఉన్నది! బొమ్మ దగ్గర, తల్లి కండ్ల ముందు కాకుండా, తొందర లేకుండా, ఆమె అదే పిల్లకు నేర్పి ఉంటే?

విద్యార్థి సంఘాలకు ఒక పని చెప్తున్నం. ధర్నాల కంటే ముందు మీ కాలేజీ ల్యాబ్‌కు పోండి. పిల్లల బొమ్మలెన్ని ఉన్నయో లెక్కపెట్టండి. బ్యాగు నొక్కితే బొమ్మ ఛాతీ లేస్తున్నదా, లేదా రబ్బరు చినిగిందా చూడండి. పోయిన ఆరు నెలల్లో ఏ విద్యార్థి ఏ తారీఖున ఎన్నిసార్లు సాధన చేసిండో రాసిన రిజిస్టర్ చూపించమని అడగండి. రిజిస్టర్ ఉంటే సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజు పెట్టినవా అన్నది కూడా చూడండి. సర్కారు కాలేజీ అయితే సమాచార హక్కు చట్టం కింద బొమ్మ ఎంతకు కొన్నరో, ఎన్నడు కొన్నరో, ఎన్నిసార్లు బయటికి తీసిండ్రో రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగ సంఘాల మిత్రులు ఎస్‌ఎన్‌సీయూలో, ప్రసూతి గదిలో ఒక మూలన బల్ల వేసి ఒక బొమ్మ, ఒక బ్యాగు ఎప్పటికీ అక్కడే ఉండాలని సూపరింటెండెంట్‌కు వినతిపత్రం ఇవ్వండి. తాళం లేకుండా. వారానికి ఐదు నిమిషాలు, డ్యూటీ మారేటప్పుడు.

వచ్చిన జవాబులు, రాని జవాబులు రెండూ మాకు పంపండి. కాలేజీ పేరుతో సహా అచ్చువేస్తం.